అత్త నేర్చుకున్న మాట

జనగామలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు పోయిన రోజుల్లో మా సార్‌ది ఒకటే పట్టు. వాక్యాలు ఎవరైనా అల్లుతారు, ఉలిక్కిపడ్డప్పుడు కూడా నోట ఇంగ్లిషే రావాలి, అప్పుడే వచ్చినట్టు అనేవాడు. నేనసలే మొండిదాన్ని. కాలికి రాయి తగిలినా, పాలు పొంగినా "ఓ మై గాడ్" అనడం సాధన చేశాను. "అయ్యో" వస్తే నా చెంప నేనే వాయించుకునేదాన్ని. నెల తిరిగేసరికి నాలుక దారికొచ్చింది.

సెలవుల్లో దంతాలపల్లి దగ్గర మేనత్త ఇంటికి పోయేదాన్ని. తల్లి లేని నన్ను పదో తరగతి దాకా సాకింది ఆమే. పరీక్షకు పోయే స్నేహితురాలికి ఒకసారి ఫోన్లో ఇంగ్లిషోళ్ల లెక్కన శుభం కోరుతూ "బ్రేక్ ఎ లెగ్" అన్నాను. మాటకు మాట అర్థం చెప్తే అత్తకు కోపమొచ్చింది. నీ నోట్ల మన్నువడ, పరీక్ష రాసే పిల్ల కాలు విరగాల్నా, మంచిగ రాయమనరాదా అని తిట్టింది. "ఓ మై గాడ్" మాత్రం ఆమెకు తెగ నచ్చింది. పత్తి ఏరే చోట పదిమంది ముందు నాతో అనిపించి మురిసేది. తర్వాత తనే మొదలుపెట్టింది. కోడి వడ్లలో పడ్డా, కరెంటు పోయినా ఆ మాటే అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

తర్వాత నాకు భూపాలపల్లిలో ఒక బళ్లో టీచర్ ఉద్యోగం వచ్చింది. నిరుడు అక్కడుండగానే అత్త పోయిందని ఫోన్ వచ్చింది. దారి పొడుగునా ఏడుపుతో పాటు ఒక భయం. మా దిక్కు ఆడవాళ్లు శవం దగ్గర ఊరికే ఏడవరు. పోయిన మనిషి మంచితనమంతా రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. సాకిన బిడ్డ శోకం పెట్టకపోతే ఆ మనిషిని తక్కువ చేసినట్టే. ఏమని ఏడవాలో బస్సులోనే మాటలు కూర్చుకున్నాను.

వాకిట్లో ఆమె మొహం చూశాను. కూర్చుకున్నదంతా పోయింది. నోట్లోంచి గట్టిగా "ఓ మై గాడ్" అని వచ్చింది.

ఏడుపులు ఆగిపోయాయి. చదువుకున్నది గద అని వెనక ఎవరో గొణిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను పెంచినామెకు సొంత మాట ఒక్కటి ఇవ్వలేకపోయానని నా మీద నాకే అసహ్యం వేసింది. అత్త తల దగ్గర మా నాయనమ్మ కూచుని ఉంది. కన్నబిడ్డను పోగొట్టుకున్న మనిషి. నా చెయ్యి పట్టి గుంజి పక్కన కూచోబెట్టుకుంది.

"గదే అను బిడ్డా," అన్నది. "మొన్న చాయ ఒలికితె సుత గదే మాటన్నది. నువ్వు ఇంట్ల ఉన్నట్టు ఉంటదని అనేది."

అత్త చెయ్యి పట్టుకుని ఆ మాటకే రాగం కట్టాను. "ఓ మై గాడ్, ఓ అత్తా" అని ఏడ్చాను. రెండోసారి నాయనమ్మ కూడా నాతో పాటు అందుకుంది.