వజ్రమ్మ మెడలో స్టెతస్కోపు

వజ్రమ్మ మెడలో స్టెతస్కోపు పన్నెండేళ్లుగా వేలాడుతోంది. దాంతో ఆమె విన్నది మాత్రం దాదాపు ఏమీ లేదు. సిరిసిల్లలో పుట్టి, నాన్న రాజనర్సు సాంచాలు నడిపే షెడ్డులో కండెలు చుడుతూ పెరిగిన మనిషి. ఆ మరమగ్గాల మోతకు చెవులు సగం పోయాయి. అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు కనుక అందరూ వేళ్లతోనే మాట్లాడుకునేవాళ్లు. చాయ్ కావాలన్నా, దారం తెగిందన్నా వేలెత్తడమే.

నర్సు ఉద్యోగంలో చేరాక ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందని భయం. కోరుట్ల దగ్గరి చిన్న ఆసుపత్రిలో కాన్పు కాగానే స్టెతస్కోపును బిడ్డ రొమ్ము మీద పేరుకు పెట్టేది. అసలు లెక్కంతా బొడ్డుపేగు మొదట్లో పట్టుకున్న రెండు వేళ్లది. అక్కడ కొట్టుకుంటే గుండె కొట్టుకుంటున్నట్టే. తన వేళ్ల మీద ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది, ఎందుకు దాచాలి.

సకల జనుల సమ్మె రోజుల్లో కథలాపూర్ నుంచి ఎల్లవ్వ తన కూతురు ప్రవళికను ఆటోలో తీసుకొచ్చింది. జగిత్యాల పెద్దాసుపత్రికి పోదామంటే దారి పొడవునా రాస్తారోకోలు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు.

వజ్రమ్మ తుడిచింది, వీపు రుద్దింది, మాస్కు పెట్టి గాలి సంచీ నొక్కింది. వేళ్లు బొడ్డుపేగును పట్టుకున్నాయి. ఏమీ లేదు. మళ్లీ పట్టుకుంది. ఏమీ లేదు. ఆగిన గుండెకా తను గాలి పంపుతున్నది? పక్కన మూడు నెలల క్రితం చేరిన ఏఎన్ఎం స్వప్న నిలబడి ఉంది. ఆ పిల్ల ముందు పరువు పోతుందా అనుకుంది వజ్రమ్మ. పోనీ, పరువు ఎవడిక్కావాలి!

"స్వప్నా, నాకు సరిగ్గ ఇనవడదు. నువ్వు ఇను, వేలుతోని చూపియ్యి" అని స్టెతస్కోపు ఆమె చేతిలో పెట్టింది.

స్వప్న బిత్తరపోయినా వెంటనే వంగింది. "బయట డప్పుల సప్పుడే ఇనవడుతుందక్కా!"

ఆ మాట వినగానే ఎల్లవ్వ రోడ్డు మీది ఊరేగింపుకు ఎదురుగా ఉరికింది. "అన్నా, మీ కాళ్లు మొక్కుత, జర ఆపుండ్రి! నా మనుమరాలి గుండె ఇనాలె!"

డప్పులు ఆగాయి. నినాదాలూ ఆగాయి.

స్వప్న వేలు లేచింది. దిగింది. మళ్లీ లేచింది. బొడ్డుపేగులో వేళ్లకు అందని గుండె చప్పుడు రొమ్ములో ఉంది! ఆరు సెకన్లకు ఐదు, అంటే నిమిషానికి యాభై. తక్కువే, కానీ ఉంది. వజ్రమ్మ పాప తల సర్ది, మాస్కు గట్టిగా అదిమి, ఛాతీ పొంగేలా సంచీ నొక్కింది. ఆ వేలు మీంచి చూపు తిప్పలేదు. అర నిమిషం గడిచాక ఆరు సెకన్లకు ఎనిమిది. ఆ తర్వాత పన్నెండు. పాప తుమ్మి గది అదిరేలా ఏడ్చింది. ఆ ఏడుపు వజ్రమ్మకు కూడా బాగానే వినపడింది.

బయటికొచ్చి చూస్తే జనం ఇంకా నోరు మెదపకుండా రోడ్డు మీదే కూర్చుని ఉన్నారు. వజ్రమ్మ రెండు చేతులూ ఎత్తి వాళ్లందరికీ దండం పెట్టింది. అంత నిశ్శబ్దాన్ని తనకు ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు.

సాయంత్రం భయం భయంగా అడిగింది. "స్వప్నా, నా చెవుల సంగతి..."

"ఏం సంగతక్కా?" అంది స్వప్న, దూది చుడుతూ.

మూడో రోజు ఇంకో కాన్పు. బిడ్డ బయటికి రాగానే స్వప్న, ఎవరూ అడగకుండానే, వజ్రమ్మ మెడలోని స్టెతస్కోపు తీసి తన చెవుల్లో పెట్టుకుని వేలెత్తింది.