పేరు రాయకుండా వేసిన సూచన

కరోనా తరువాత బళ్ళు మళ్ళీ తెరిచిన ఏడాది, జూన్ నెలలో, నన్ను ఆత్రేయపురం దాటాక కాలవ గట్టు మీద ఉన్న ఒక ఊరి ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా వేశారు. ఊరి పేరు రాయను. రిటైర్మెంటుకు అప్పటికి మూడేళ్ళు లేవు. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు, నేను కాక ఇంకొక టీచరు, రెండు గదులు, వెనక రేకుల వంటశాల. ప్రధానోపాధ్యాయురాలంటే పెద్ద హోదా అనుకునేవాళ్ళుంటారు. మా ప్రాథమిక బళ్ళలో ఆ మనిషే పాఠాలు చెప్పాలి, గుడ్లు లెక్కపెట్టాలి, ఫోనులో హాజరు వేయాలి, పై ఆఫీసు అడిగిన కాగితమల్లా ఆ సాయంత్రానికే పంపాలి.

నాకు రాయడమంటే సరదా. ఆ సరదాతోనే నెలకొకసారి ఒక పేజీ వార్తాపత్రిక మొదలుపెట్టాను. పై సగంలో బడి కబుర్లు, కింది సగంలో పిల్లల ఆరోగ్యం మీద తల్లిదండ్రులకు సూచనలు. గోళ్ళు తీయించడం, నీళ్ళు కాచి చల్లార్చడం, విరేచనాలైతే ఉప్పు పంచదార నీళ్ళు పట్టించడం వంటివి. ఊళ్ళో టీకాలు వేసే ఏఎన్ఎమ్ అమ్మాయిని అడిగి, తప్పుల్లేకుండా రాసేదాన్ని. పదిహేను కాపీలు జెరాక్స్ తీయించి, మిగతావాళ్ళకు వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని. మండల విద్యాధికారిగారు, అంటే మా ఎంఈఓగారు, ఒక సమావేశంలో దాన్ని అందరికీ ఎత్తి చూపించారు. ఆ తరువాత నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ పేజీలో పైన కుడివైపు ఒక ఫొటో వేసేదాన్ని, ఆ నెలలో ఒక్క రోజూ మానని బిడ్డది. సరిగ్గా దాని కింద, జ్వరం వస్తే బడికి పంపకండి అనే సూచన ఉండేది. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయని నాకు ఒక్కనాడూ తట్టలేదు.

మూడో ఏడాది జూన్ నుంచి ఒక్క రోజూ మానని పిల్ల ఒకతే మిగిలింది. నాలుగో తరగతి కెజియా. వాళ్ళమ్మ కరుణమ్మ మా బడిలో మధ్యాహ్న భోజనం వండేది. శుభ్రమైన చేయి ఆమెది. పప్పులో రాయి ఏరకుండా వేసిన రోజు నాకు గుర్తులేదు. పిల్లలు అన్నం పారేస్తే ఎందుకు పారేశావని కూర్చోబెట్టి అడిగేది.

శివరాత్రి వెళ్ళిన వారంలో ఎంఈఓగారు తనిఖీకి వస్తున్నారని ముందురోజు ఫోను వచ్చింది. ఏడాది పొడుగునా హాజరైన పిల్లకు ఆయన చేత రిబ్బను బ్యాడ్జీ పెట్టించాలని, ఆ పిల్ల చేతే స్వాగతం చెప్పించాలని నా ఏర్పాటు. ఆ ఉదయం ప్రార్థనకు ముందు కరుణమ్మ వంటశాల నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“మేడంగారండీ, పిల్లకి ఒళ్ళు వెచ్చగా ఉందండి. ఇంటికి పంపేయమంటారా?”

నేను కెజియా నుదుటి మీద చేయి వేశాను. వెచ్చగా కాదు, కాలుతోంది. మెడ దగ్గర చిన్న ఎర్రటి పొక్కు కూడా కనిపించింది. దోమ కుట్టిందేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. మధ్యాహ్నం దాకా ఉండనీ కరుణమ్మా, ఇవాళ ఇది లేకపోతే ఎలా అన్నాను. ఏఎన్ఎమ్ చెప్పనిదే పిల్లలకు మాత్ర వేయకూడదన్నది నియమం. ఆ నియమం నేనే గోడ మీద అతికించాను. అయినా ప్రథమ చికిత్స పెట్టెలోంచి జ్వరం మాత్ర తీసి, సగం విరిచి వేశాను. ఆమె వెళ్ళి పొయ్యి వెలిగించుకుంది.

తనిఖీ బాగా జరిగింది. కెజియా ఒక్క మాటా తడబడకుండా స్వాగతం చెప్పింది. పిల్లలందరి మధ్యా కూర్చుంది, అందరితో చేతులు కలిపింది. ఫొటోలో దాని కళ్ళు ఎర్రగా పడ్డాయి. ఆ ఫొటోనే పేజీలో వేశాను.

మర్నాటికి ఒళ్ళంతా పొక్కులు. ఆటలమ్మ. కరుణమ్మ ఆ రోజు నుంచే వంటకు రావడం మానేసి, తోడి వంటామెకు అప్పజెప్పి, పిల్ల దగ్గర కూర్చుంది. రెండు వారాలు తిరిగేసరికి బడిలో మరో పదకొండు మందికి పోసింది. ఒకటో తరగతి పిల్లాడొకణ్ణి ఊపిరి అందక రాజమండ్రి ఆసుపత్రిలో ఆరు రోజులు ఉంచారు. బతికి వచ్చాడు.  ఆ రోజు పిల్లను ఉండమన్నది నేనేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఎంఈఓగారి ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఇన్ని కేసులు ఎలా వచ్చాయి, తల్లిదండ్రులకు అవగాహన కల్పించారా అని. సర్వీసు ఇంకా మూడు నెలలుంది. మచ్చ లేకుండా దిగిపోవాలని నా ఆశ. ఆ నెల పేజీలో ఆరోగ్య సూచనల కింద ఇలా రాశాను: “జ్వరం ఉన్న బిడ్డను బడికి పంపే తల్లులు ఇంకా ఉన్నారు. ఇది తోటి పిల్లలకు అపకారం. బాధ్యత తెలిసినవారే ఇలా చేయడం విచారకరం.” పేరు రాయలేదు కనుక తప్పు లేదనుకున్నాను. ఆ పేజీ కాపీ ఒకటి సంజాయిషీకి జతచేసి పంపాను. వాళ్ళు తృప్తిపడ్డారు.

ముప్ఫై ఎనిమిది మంది పిల్లలున్న బడిలో పేరు దాచడమంటూ ఉండదు. గ్రూపులో పేజీ పెట్టిన గంటలో ఆ తల్లి ఎవరో ఊరంతటికీ తెలిసిపోయింది. మా వైపు ఆటలమ్మ పోసిన ఇంట్లో వంటలో పోపు వేయరు. నూనె చిటపటలాడితే అమ్మవారికి కోపం వస్తుందని పట్టింపు. పిల్లకు ఒళ్ళు కాలుతుంటే ఆ రోజు కరుణమ్మ సాంబారుకు పోపు వేసిందని, చర్చికి వెళ్ళేవాళ్ళకు ఇవన్నీ లెక్కేంటని, ఆసుపత్రి పాలైన పిల్లాడి ఉసురు ఆమెకే తగులుతుందని మాటలు పెరిగాయి. ఆమె వండితే మా పిల్లలు తినరని కొందరు తల్లులు చెప్పి పంపారు.

వంటవాళ్ళను పెట్టడం, తీయడం తల్లిదండ్రుల కమిటీ తీర్మానంతో జరుగుతుంది. మీటింగులో తేలింది పుస్తకంలో రాయడం, అంటే మినిట్స్, ప్రధానోపాధ్యాయురాలి పని. కరుణమ్మను కూడా పిలిచి కమిటీ మీటింగు పెట్టారు. కమిటీ ఛైర్మనుగారు మర్యాదస్తుడు. అందరూ చెప్పాల్సింది చెప్పాక ఆయన ఆమె వైపు తిరిగి, “నువ్వేమన్నా చెప్పుకుంటావా అమ్మా?” అని అడిగారు.

కరుణమ్మ నా వైపు చూసింది. కొంచెం ఎక్కువసేపే చూసింది. నేను పెన్ను మూత తీసి పెట్టుకుని, పుస్తకంలో తేదీ వేస్తూ కూర్చున్నాను. చివరికి ఆమె, “ఏం లేదండి,” అంది.

“ఆరోగ్య కారణాల దృష్ట్యా” ఆమె స్థానంలో వేరొకరిని నియమించినట్టు నా చేత్తోనే రాశాను. నా దస్తూరీ బాగుంటుందని పేరు. ఆ రోజు కూడా బాగానే ఉంది. 

కెజియా పొక్కులు మానాక బడికి వచ్చింది. మధ్యాహ్నం మాత్రం ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుని, పంక్తికి దూరంగా తినేది. అందరితో కూర్చోమని ఒకసారి చెప్పాను. “వద్దండి,” అంది. నా ముఖం చూడకుండా అంది. మళ్ళీ అడిగే ధైర్యం చేయలేదు.

రిటైరైన పది రోజులకు వాళ్ళింటికి వెళ్ళాను. కరుణమ్మ వసారాలో బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పూతరేకులకు రేకులు తీస్తోంది. ఒక దుకాణానికి తీసి ఇస్తోందట. ముందురోజే కమిటీ ఛైర్మనుగారికి జరిగింది జరిగినట్టు చెప్పాను.  ఆయన, ఇప్పుడెందుకులెండి మేడంగారూ, కొత్తామె కుదురుకుంది కదా అన్నారు. ఆ సంగతి ఈమెకు చెప్పాను. తప్పు నాదన్నాను. ఆమె పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద పరుస్తూనే వింది. కుర్చీ తెప్పించి కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది. అదీ నాకు భరించడం కష్టమైంది.

పిల్లను నేనే ఉండమన్నానని ఆ రోజు మీటింగులో ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. అడగకూడని ప్రశ్న అది. అయినా అడిగాను.

“మీరు చెప్తారేమోనని చూశానండి,” అంది కరుణమ్మ. రేకు ఊడదీసి పక్కన పెట్టుకుంది.

ఆరోగ్య సూచనలు రాసే టీచర్లు ఇప్పుడు ప్రతి బడిలోనూ ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. జ్వరమున్న పిల్లను ఇంటికి పంపాలన్న మాట ముందు పాటించాల్సింది తల్లి కాదు, గేటు దగ్గర నిలబడే మనం. హాజరుకు బహుమతి పెట్టి, మానమని సలహా ఇస్తే ఏ తల్లైనా బహుమతినే నమ్ముతుంది. పేరు రాయలేదన్నది సాకు. మాట్లాడాల్సిన చోట మినిట్స్ రాస్తూ కూర్చున్న మనిషి ఆ తరువాత ఎవరింటికి వెళ్ళి ఏం చెప్పినా, విన్నవాళ్ళకు దానితో పనుండదు. నాకు జరిగింది అదే.