పొయ్యి మీద సిలిండర్ హెడ్

ముందే చెప్తున్నాను, నాకు రాయడం సరిగ్గా రాదు. ఇక్కడే కలకత్తాలో తెలుగు బడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత చేతికి పెన్ను కంటే గ్రీజే ఎక్కువ తగిలింది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పు పడితే నవ్వకండి. ఆ రోజుని ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను, అందుకే రాస్తున్నాను.

గార్డెన్ రీచ్‌లో మా బావకి, అంటే మా అక్క భర్తకి, కార్ల గ్యారేజీ ఉంది. నేను అతని దగ్గరే పనిచేసేవాణ్ణి. బావ నోట్లో ఎప్పుడూ పాన్ ఉంటుంది. ఇంజను మీద వంగి ఉన్నప్పుడు ఉమ్మాలనిపిస్తే పక్కనున్న నట్ల డబ్బాలో ఉమ్మేసేవాడు. అందులో చెయ్యి పెట్టి నట్లు ఏరుకోవలసింది నేను.

ఒక బెంగాలీ దాదా (దాదా అంటే ఇక్కడ అన్న అని) తన తండ్రి కాలం నాటి ఇంగ్లీషు కారు తెచ్చాడు. చలికాలంలో పాత కార్ల ఊరేగింపు ఉందట. "ఇంజనుకి ఊపిరాడటం లేదు భాయ్, ఎగ్జాస్ట్ పోర్టులు పెద్దవి చెయ్యండి" అన్నాడు. ఇంజను మీద కూర్చునే బరువైన ఇనుప దిమ్మే సిలిండర్ హెడ్. కాలిన పొగ అందులోంచి బయటికి పోయే దారులు పోర్టులు. "ఇలాంటి హెడ్ ఇంకోటి దొరకదు. ఇది పోతే నాన్న బండి పోయినట్టే" అని రెండు చేతులతో దాన్ని నిమిరాడు. ఆ మాట నా మనసులో పడింది.

హెడ్ విప్పి కడిగింది నేనే. పోర్టుల్లో మసి తారులాగ పేరుకుపోయింది. గోకుతుంటే కుళ్ళిన గుడ్డు వాసన. అన్నం తినేటప్పుడు కూడా వేళ్ళకి అదే కంపు.

అరగదీసే పని బావది. కొత్త గ్యాస్కెట్‌ని, అంటే హెడ్‌కీ పొగగొట్టానికీ మధ్య వేసే పల్చటి రేకుని, హెడ్‌కి ఆనించి, దాని కన్నాల చుట్టూ గీత గీసి, ఆ గీత దాకా గ్రైండర్ పెట్టేశాడు. బజారు గ్యాస్కెట్‌కి కన్నం ఎప్పుడూ పెద్దగానే కోస్తారు. కొలతకి చూడవలసింది పొగగొట్టం కన్నాన్ని, గ్యాస్కెట్‌ని కాదు. పైగా పోర్టు అడుగు గోడ వెనకాలే ఇంజనుని చల్లబరిచే నీళ్ళు తిరుగుతాయి.

"బావా, అడుగు ముట్టుకోకు. పైన గోకితే సాలు" అన్నాను.

"ఏటిరా, నాకు నేర్పుతున్నావా? ఎల్లి టీ అట్రా."

టీ పట్టుకొచ్చేసరికి గ్రైండర్ ఆగి ఉంది. పోర్టు అడుగున చింతగింజంత కన్నం. లోపలి తుప్పు నీళ్ళు చీములాగ కారుతున్నాయి.

బావ ఇటూ అటూ చూసి పాన్ ఉమ్మాడు. ఇనుప రజను కలిపిన లప్పం ముద్ద ఆ కన్నంలో కుక్కి, వేలికి ఉమ్మి తడి చేసుకుని నున్నగా రాశాడు. ఆరాక అద్దంలాగ పాలిష్ పెట్టాడు.

"పొగ యేడికి అది కరిగిపోద్ది బావా. నీళ్ళు ఇంజన్లోకి దిగిపోతాయి. బండి సచ్చిపోద్ది."

"నీకేటి బాధ? నీ బాబు బండా?"

మర్నాడే విశ్వకర్మ పూజ. ఆ రోజు ఏ గ్యారేజీలోనూ పనిముట్టు ముట్టుకోరు, అన్నీ దేవుడి ముందే ఉంటాయి. హెడ్‌ని ఎవరూ పరీక్షించి చూడరని బావ ధైర్యం. హెడ్‌కి బంతిపూల దండ వేసి దేవుడి పాదాల దగ్గర పెట్టాడు. దాదా పట్టు పంజాబీ, అంటే లాల్చీ, వేసుకుని వచ్చి, మెరిసే పోర్టులు చూసి దణ్ణం పెట్టాడు, ఫొటోలు తీసుకున్నాడు. సాయంత్రం పట్టుకెళ్ళిపోతానని చెప్పి భోజనానికి కూర్చున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పనిముట్టు ముట్టుకోకూడదు, సరే. వెనకాల ఖిచురీ, అంటే పూజకి పెట్టే పులగం, వండే గ్యాసు పొయ్యి పనిముట్టు కాదు కదా! దండ తీసి పక్కన పెట్టి, హెడ్‌ని పొట్టకి ఆనించుకుని మోసుకెళ్ళి, ఖిచురీ గుండిగ దింపేసిన పొయ్యి మీద పోర్టులు కిందకి వచ్చేలా బోర్లించాను.

"ఒరే! ఏటి సేస్తన్నావురా?" బావ పరిగెత్తుకొచ్చాడు. "దాదా, ఈడికి మతి పోనాది!"

కాసేపటికి లప్పం పొంగి, నల్లబడి, బొట్లు బొట్లుగా మంటలో పడింది. ఆ కంపుకి ఖిచురీ తినేవాళ్ళు ఆకులు వదిలేసి లేచిపోయారు. గోనెపట్టాతో పట్టుకుని హెడ్ తిప్పి చూపించాను. దాదా ఫోన్ లైటు వేసి కన్నంలోకి చూశాడు. ఇప్పుడు దాదా వెళ్ళి బావ కాలరు పట్టుకుంటాడనుకున్నాను.

ఆయన మెల్లగా అడిగాడు, "మళ్ళీ పూస్తే ఎన్నాళ్ళు ఆగుతుంది?"

బావ వంగి కన్నంలోకి చూశాడు. "ఊరేగింపు దాకా ఆగుద్ది దాదా. మెల్లగా తోలితే."

"అయితే చాలు. కొనేవాడు ఊరేగింపులో చూస్తాడు."

"మీ నాన్నగారి బండి కదా దాదా" అన్నాను.

"నాన్నే పోయాడు భాయ్. బండి కూడా పోవద్దా?"

"కొన్నాయన పిల్లల్ని ఎక్కించుకుని వంతెన మీద ఉండగా ఆగిపోతే?"

"తోసుకుంటాడు" అన్నాడు దాదా. ఇద్దరూ నవ్వారు. బావ ఎర్రటి పళ్ళ సందుల్లోంచి తుంపర్లు ఆ హెడ్ మీద పడ్డాయి. దాదా వాటిని తన రుమాలుతోనే తుడిచాడు.

 నాకు వాళ్ళ మీద కంటే, ఆయన దణ్ణం పెట్టడం చూసి నా కళ్ళు చెమర్చాయే, దాని మీద ఎక్కువ అసహ్యం వేసింది.

మర్నాడు బావ మళ్ళీ లప్పం కలిపాడు. "పట్టుకోరా" అన్నాడు. నేను పట్టుకోలేదు. చేతులు కడుక్కుని బయటికొచ్చేశాను. ఇప్పుడు ఊరి అవతల బడ్జ్ బడ్జ్‌లో బస్సుల ఇంజన్లు చూస్తున్నాను. అక్క మాట్లాడదు. ఆ కారు ఎవరు కొన్నారో తెలీదు. ఎక్కడైనా దారిలో తెల్లటి ఆవిరి చిమ్ముతూ పాత కారు ఆగి ఉంటే ఎక్కిన బస్సు దిగి వెళ్ళి చూస్తాను. ఇంతవరకూ అది కాదు.

ఇంత రాయడం నాకు ఇదే మొదటిసారి. ఎక్కడ చుక్క పెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలీక ఏదో రాసేశాను. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి, నన్ను మాత్రం మన్నించండి.