కిటికీ కొలవడానికి వెళ్లిన రోజు

సునీల పుట్టింది అత్తాపూర్‌లో, ఇంకా పూర్తికాని ఒక ఇంట్లో. తండ్రి యోనా కట్టే ఇళ్లకు కాపలా ఉండేవాడు. గోడలు మాత్రమే లేచిన ఇంట్లో ఒక మూల ప్లాస్టిక్ పట్టా కట్టుకుని, ఇటుకల పొయ్యి పెట్టుకుని కుటుంబమంతా బతికేది. కిటికీలు ఉండాల్సిన చోట ఖాళీలుండేవి. పొద్దున కళ్లు తెరిస్తే వాటిలోంచి ఆకాశం నేరుగా పక్క మీదికి దిగేది. ఒక్కోసారి వానా దిగేది. వడ్రంగి వచ్చి తలుపులు బిగించి, రంగుల వాసన మొదలైందంటే తల్లి ప్రేమమ్మ గిన్నెలు సర్దేది. ఆ ఇల్లు ఒక రూపానికి వచ్చే వేళకు వాళ్లు మరో ఇంటి మొండిగోడల మధ్యకు చేరేవాళ్లు. అందుకేనేమో సునీలకు చిన్నప్పటినుంచీ కిటికీ అంటే మోజు. తన చేత్తో తెరవడానికీ, తన చేత్తో మూయడానికీ రెక్కలున్న కిటికీ.

పెద్దయ్యాక ఆమె శంషాబాద్ విమానాశ్రయంలో పనికి చేరింది. నడవలేని ప్రయాణికులను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి విమానం తలుపు దాకా తీసుకెళ్లడం ఆమె పని. భర్త ఆశేర్ అక్కడే సామాన్ల బండి నడుపుతాడు. ఇద్దరి డ్యూటీలు ఎప్పుడూ కలవవు. ఒకరు తాళం తీస్తుంటే ఇంకొకరు చెప్పులేసుకునేవాళ్లు. మైలార్‌దేవ్‌పల్లిలో వాళ్లుండే ఒంటిగదికి ఒక కిటికీ ఉంది కానీ, తెరిస్తే పక్కింటి గోడకు తగిలి సగంలోనే ఆగిపోయేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం విమానం ఆలస్యమైంది. కుర్చీలోని పెద్దావిడ కునుకు తీస్తుంటే సునీల ఫోన్‌లో కిరాయి ఇళ్లు వెతుకుతూ ఆ ఇంటిని చూసింది. పాల్మాకులలో రెండు గదుల ఇల్లు. లేతాకుపచ్చ రెక్కల కిటికీ, దాని కింద నాపరాయి గట్టు, గట్టు మీద ఒలికినట్టు పడిన ఎండ. కిరాయి ఇప్పుడు కడుతున్నదానికంటే కొంచెమే ఎక్కువ. ఆ ఎండను ఎన్నిసార్లు చూసినా ఆమెకు తనివి తీరలేదు.

ఫోన్ చేస్తే ఒక మెత్తని గొంతు పలికింది. పేరు నవీన్‌కుమార్ అని చెప్పాడు.

"నేను ఉద్యోగరీత్యా అస్సాంలో ఉన్నానండీ. ఇంటికి తాళం వేసి ఉంది. మీరు టోకెన్ అడ్వాన్స్ పంపిస్తే తాళంచెవి కొరియర్‌లో వచ్చేస్తుంది. మీలాంటి మంచి కుటుంబం దొరకడం నా అదృష్టం మేడమ్."

తమది మంచి కుటుంబమని అతనికెలా తెలుసని అడగాలని ఆమెకు అప్పుడు తోచలేదు.

ఆ రోజునుంచి సునీల రెండు చోట్ల నడిచింది. చేతులు అద్దాల వరండాలో కుర్చీని తోస్తుంటే, మనసు ఆ రెండు గదుల్లో తిరిగేది. మంచం ఇటు, బీరువా అటు. పొయ్యి మీద చాయ్ మరుగుతుంటే గట్టు మీద కూర్చుని చూడటం. ఎండ జరిగేకొద్దీ తనూ జరగడం. ఫోటోలు ఆశేర్‌కు పంపితే అతనూ ఆ ఇంట్లోకి వచ్చేశాడు. విరామంలో ఫోన్ చేసి, "బియ్యం డబ్బ కిటికీ కింద పెట్టకు, పురుగు పడ్తది," అనేవాడు. "ఆడ పెడ్తలేను, తలుపెనక పెట్టిన," అనేది ఆమె. ఎప్పుడూ కలవని మొగుడూపెళ్లాలు ఆ ఫోటోల్లో కలిసి కాపురం పెట్టారు.

అంతలో నవీన్‌కుమార్ సందేశం వచ్చింది. వేరే కుటుంబం తయారుగా ఉందట, రేపు సాయంత్రంలోగా పంపకపోతే ఇల్లు వాళ్లకే అట.

"పంపుదాం. మల్ల గిసొంటిది దొరుకది," అన్నాడు ఆశేర్.

"పంపుదాం గని జర ఆగు. రేపు నాకు సెలవే కద. పోయి కిటికీ కొలత దీసుకొస్త. పరదా గుడ్డ కొనాలె."

"ఇంటికి తాళమున్నదంట కద?"

"కిటికీ బయటికెల్లి గూడ కొలవొచ్చు."

అనుమానంతో వెళ్లలేదామె. పరదా మోజుతో వెళ్లింది. దర్జీ దగ్గర టేపు అడిగి తీసుకుని బస్సెక్కింది. పాల్మాకులలో దిగి, ప్రకటనలో రాసిన గుర్తుల ప్రకారం నీళ్ల ట్యాంకు వెనక వీధిలోకి తిరగగానే ఆ ఇల్లు కనిపించింది. అచ్చం అదే. తల మీద నుంచి ఒక విమానం కిందుగా వెళ్తే దాని నీడ గోడ మీదుగా చేపలా జారిపోయింది. సునీల కలలో నడిచినట్టు నడిచి, గట్టు పక్కన నిలబడి, కిటికీ చట్రానికి టేపు ఆనించింది. రెక్కలు తెరిచే ఉన్నాయన్న సంగతి కూడా ఆమె మనసుకు తాకలేదు.

"ఎవరు బిడ్డా? ఏం గొలుస్తున్నవ్?" అంది లోపలినుంచి ఒక గొంతు.

ఆ ఇంటావిడ పేరు జంగమ్మ. చేతిలో చాటతోనే బయటికి వచ్చింది. సునీల ఫోన్ చూపించింది. జంగమ్మ ఒక్కో ఫోటో దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇల్లు నాదే. కిరాయికైతే ఇస్తలేను. అప్పుడెప్పుడో ఒక అర్ర కిరాయికి ఇద్దామని మా అల్లుడు గీ ఫోటోలు పెట్టిండు. తర్వాత నా బిడ్డనే వచ్చి ఉంటున్నది. ఫోటోలు ఎవడో ఎత్తుకపోయిండు." ఆగి అడిగింది. "పైసలు పంపినవా?"

"లేదు పెద్దమ్మా. ఇయ్యాల పంపుదామనుకున్నం."

"మొన్న ఒకాయన ట్రాలీల సామానేసుకొని, పెండ్లాం పిల్లలతోని వచ్చిండు. పైసలు గట్టి వచ్చిండు. పొద్దుగూకేదాంక గా గట్టు మీదనే గూసున్నరు. అన్నం బెట్టి పంపిన."

సునీల అక్కడే నిలబడి నవీన్‌కుమార్‌కు ఫోన్ చేసింది. "నేను మీ ఇంటి ముందల్నే ఉన్న అన్నా. కిటికీ తెరిచి ఉన్నది."

అవతలినుంచి అదే మెత్తని గొంతు. "పనిమనిషి తెరిచి ఉంటుంది మేడమ్."

"ఏ పనిమనిషి?" అంది జంగమ్మ ఫోన్ లాక్కుని. "ఇంటిదాన్ని మాట్లాడుతున్న. నువ్వెవ్వనివి?"

ఫోన్ కట్టయింది. తర్వాత ఆ నంబరు పలకలేదు. జంగమ్మ అల్లుడి సాయంతో సునీల సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఫోటోలు పెట్టిన వెబ్‌సైట్‌కూ ఫిర్యాదు చేసింది.

"వచ్చినదానివి లోపలికి రా," అంది జంగమ్మ.

సునీల ఆ ఇల్లంతా తిరిగింది. ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో ఆమె కాళ్లకు ముందే తెలుసు. వంటగది మాత్రం ఫోటోలో కంటే చిన్నది. తాను మంచం వేసుకున్న చోట జంగమ్మ మనుమరాలు నిద్రపోతోంది. ఆ పిల్లకు మెలకువ వస్తుందేమోనని సునీల మునివేళ్ల మీద బయటికి వచ్చింది. ఆశేర్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"అయితే ఇగ ఆ ఇంట్ల మనం లేనట్టేనా?"

"లేనట్టే."

ఆ తర్వాత వాళ్లు ఫోటోల జోలికి పోకుండా కాళ్లతో వెతికారు. సెలవు రోజుల్లో జంగమ్మ తోడు వచ్చేది. గదిలో నిలబడి చూసేదాకా ఒక్క రూపాయి ఇవ్వొద్దని సునీల పట్టు పట్టింది. కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉందో అడిగేది, ఇరుగుపొరుగును పలకరించేది. ఒకాయన, అడ్వాన్స్ ఇచ్చాకే తాళం తీస్తానన్నాడు. వాళ్లు మంచినీళ్లు కూడా అడక్కుండా దిగి వచ్చేశారు.

చివరికి అదే ఊళ్లో బుచ్చయ్య అనే రైతు ఇంటి మేడ మీది వాటా కుదిరింది. బుచ్చయ్య తానే నల్లా తిప్పి చూపించాడు. "నీళ్లు దినం తప్పి దినం వస్తయి బిడ్డా, ముందుగాలనే చెప్తున్న," అన్నాడు. కింది వాటావాళ్లూ అదే మాట చెప్పారు. ఎదురెదురుగా కూర్చుని కాగితాలు రాసుకున్నాకే సునీల అడ్వాన్స్ ఇచ్చింది. డ్యూటీ వల్ల ఆశేర్‌కు మాత్రం ఆ ఇల్లు చూడటం కుదరలేదు. కిటికీ తూర్పుకుంది. దానికి ఆకుపచ్చ రంగు లేదు, గట్టూ లేదు.

సామాను చేరిన రోజు ఆశేర్ డ్యూటీలో ఉన్నాడు. సాయంత్రం సునీల మెట్ల మీద కూర్చుని వీధిలోకి చూస్తోంది. పొలాల మీదుగా మట్టివాసన వస్తోంది, ఎక్కడో దూరంగా వాన మొదలైనట్టుంది. బండి మీద వస్తున్న ఆశేర్ కనిపించాడు. ఇల్లు గుర్తుపట్టలేక, నెమ్మదిగా ఒక్కో గేటూ చూసుకుంటూ దాటి వెళ్లిపోయాడు. వెళ్లి, మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగాడు.

సునీల వెంటనే పిలవలేదు. తమ ఇంటిని వెతుక్కుంటూ వస్తున్న ఆ మనిషిని కాసేపు అలాగే చూసింది. తర్వాత లేచి నిలబడి చెయ్యి ఊపింది.

"గీడ. మీదికి రా."