ఎల్లప్ప కొట్టిన వేట

ఒక్క దుప్పిని కూడా చంపకుండానే దుప్పుల వేటగాడిగా శిక్ష పడిన మనిషి ఎల్లప్ప. ఏర్పేడుకు పడమటగా, గుట్ట కింద, రిజర్వు అడవి కంచెను ఆనుకుని ఉండేది అతని చేను. పంట కాపలాకని సర్కారు లైసెన్సు ఇచ్చిన నాటు తుపాకీ ఒకటి ఉండేది. దాన్లో గుండు వేయకుండా మందు మాత్రం దట్టించి ఆకాశంలోకి పేల్చేవాడు. దుప్పులు కంచె దాటి పోయేవి.

"సప్పుడుకే పోతాయి గదా, పాపం సంపేదెందుకు?" అనేవాడు ఎల్లప్ప.

"నీకు గురి లేదని సెప్పుకోవయ్యా" అనేది భార్య మునిరత్నమ్మ. ఆమె చెప్పిందే నిజం.

నలభై నాలుగు ఎండాకాలంలో వాళ్ల కూతురికి అమ్మవారు పోసి తగ్గింది. మొక్కు ప్రకారం గంగమ్మకు పొట్టేలును కొట్టినారు. మన సీమలో అమ్మవారికి కొట్టే పొట్టేలును వేట అంటారు, దాని మాంసాన్నీ వేట అనే అంటారు. అడవిలో జంతువులను చంపేదాన్నీ వేట అనే అంటారు. తెలుగు తల్లి కడుపున పుట్టినవాడెవడూ ఈ రెంటినీ కలిపేసుకుని కష్టాల్లో పడడు. ఇరుగుపొరుగుకు తలా ఒక పాలు పోయింది. ఫారెస్టు గార్డు తిరుమలయ్య ఇంటికి తొడే పోయింది.

అదే వారంలో చిత్తూరు నుంచి, పెట్రోలు కరువుకు బొగ్గులతో నడిపే కారులో కొందరు పెద్దమనుషులు వచ్చి రిజర్వులో ఒక పెంటి దుప్పిని కాల్చుకుపోయినారు. తోలు, తల అక్కడే పారేసినారు. ఆడదాన్ని కాల్చడం ఏ లైసెన్సుకూ చెల్లదు. పైఅధికారి కళ్లకు ఆ తోలు పడింది, నేరస్తుడు కావాలన్నాడు. నేరస్తులెవరో తిరుమలయ్యకు బాగా తెలుసు. వాళ్ల మంచినీళ్ల కూజా మోసింది అతనే. అంత పెద్దవాళ్లను పట్టుకోవడానికి చట్టానికి చేతులు సరిపోవు. ఎల్లప్ప ఇంట్లో మాత్రం కుండలో కూర ఉంది, మూలన తుపాకీ ఉంది.

"అన్నా, నువ్వూ తింటివి గదన్నా!" అన్నాడు ఎల్లప్ప.

"తిన్నాను కాబట్టే రుచి సెప్పగలను. ఏం భయం లేదప్పా, జరిమానాతో పోతాది. నాకు ఒక కేసు కావల్ల, అంతే" అన్నాడు తిరుమలయ్య, తుపాకీ భుజాన వేసుకుంటూ.

జరిమానా సంగతి ఎట్లున్నా, తుపాకీ పోతే చేను పోయినట్టే. ఎల్లప్పకు ఉన్న భయమంతా అదే.

తాలూకా కోర్టుకు మేజిస్ట్రేటుగా తంజావూరు నుంచి బదిలీ మీద వచ్చినాయన ఉండేవాడు. పుస్తకం చూసి తెలుగు నేర్చుకున్నాడు. అనుమానం వచ్చిన మాటకు తన అరవంలోనే అర్థం వెతుక్కునేవాడు. అరవంలో వేట్టై అంటే అడవిలో జంతువులను చంపడమనే ఒకటే అర్థం. కోర్టు గుమాస్తా గంగాధరం ముందే ఎల్లప్పకు బుద్ధి చెప్పినాడు: "అడిగినదానికే జవాబు సెప్పు. ఎక్కువ మాట్లాడితివా, శిక్ష పెరుగుతాది."

"ఆ కుండలో ఉండినది ఏమి మాంసము?" అని అడిగినాడు మేజిస్ట్రేటు.

"వేట దొరా."

మేజిస్ట్రేటు కలం ఆగింది. ఇంత సులభంగా ఒప్పుకునే నేరస్తుణ్ణి ఆయన ఎప్పుడూ చూడలేదు.

"ఎవరు కొట్టినది?"

"నేనే సామీ."

"తుపాకితోనా?"

"దానికి తుపాకీ ఎందుకు సామీ? కత్తితోనే. ఒక్క దెబ్బ."

కోర్టు హాలులో నవ్వులు లేచినాయి. మేజిస్ట్రేటు మాత్రం నవ్వలేదు. పరుగెత్తే దుప్పిని కత్తితో ఒక్క దెబ్బకు పడగొట్టిన మనిషిని పాదాల నుంచి తల దాకా చూసినాడు. బయట నుంచి మునిరత్నమ్మ "పొట్టేలు సామీ, పొట్టేలు!" అని అరిచింది. బంట్రోతు ఆమెను గెంటినాడు.

"ఆ స్త్రీ ఏమంటున్నది?"

గంగాధరం విన్నాడు, అర్థమూ అయింది. పోయిన నెలలో మేజిస్ట్రేటు మాట ఒకటి సరిదిద్దినందుకు సంజాయిషీ రాసుకున్నవాడు అతను.

"ఏడుస్తా ఉండాది సార్" అన్నాడు.

తీర్పుకు ముందు మేజిస్ట్రేటు మూగజీవాల మీద చాలాసేపు మాట్లాడినాడు. జింకను చంపినవాడికి జరిమానా చాలదనీ, చట్టం ఒప్పుకుంటే కొరడా దెబ్బలు వేయించేవాణ్ణనీ అన్నాడు. చట్టం ఒప్పుకోలేదు కాబట్టి జరిమానా వేసి, తుపాకీ స్వాధీనం చేసుకున్నాడు. మునిరత్నమ్మ కమ్మలు జరిమానాకు పోయినాయి. ఊరు ఎల్లప్పకు 'ఒక్కదెబ్బ' అని పేరు పెట్టింది.

ఆషాఢంలో వేరుశనగ వేసినారు. తుపాకీ లేదని దుప్పులకు ఎవరు చెప్పినారో తెలియదు. ఎల్లప్ప డబ్బా రేకు వాయించినాడు. అవి మొదట పరుగెత్తినాయి, తర్వాత తలెత్తి చూసినాయి, ఆఖరుకు ఆ వాయిద్యం వింటూ మేసినాయి.

పంట సగమైనాక ఒక సాయంకాలం బొగ్గుల కారు వచ్చి కంచె దగ్గర ఆగింది. అందులోంచి మేజిస్ట్రేటు దిగినాడు, చేతిలో రెండు గొట్టాల తుపాకీతో. "ఆ కత్తి మనిషి ఎక్కడ?" అని కంచె దగ్గరున్న తిరుమలయ్యను అడిగినాడు. జిల్లాలో రుజువైన వేటగాడు ఒక్కడే కదా, ఇంకెవరిని అడుగుతాడు?

దుప్పుల దగ్గరికి తీసుకుపొమ్మంటే, "నాకు అడివి తెల్దు దొరా" అన్నాడు ఎల్లప్ప.

"దొరకు ఒక్క దుప్పిని సూపించప్పా, నీ తుపాకీ వస్తాది" అని చెవిలో ఊదినాడు తిరుమలయ్య.

దుప్పుల కోసం ఎల్లప్ప అడవికి పోవాల్సిన పని లేదు. దొరను తన చేనులోని మంచె మీదనే కూర్చోబెట్టినాడు. పొద్దు వాలగానే అవి వరసగా వచ్చి మేతకు తగులుకున్నాయి. దొర రెండు గుళ్లు గాలికి వేసి, మళ్లీ నింపి, మూడోది ఒక పెంటి కాలికి వేసినాడు. అది లేవలేక కొట్టుకుంటోంది.

"నరుకు! ఒక్క దెబ్బ!" అని మంచె మీద నుంచి కేక వేసినాడు.

ఎల్లప్ప కత్తి తీసినాడు. కళ్లు మూసుకుని నరుకుతూ ఉంటే ఎప్పటికో దానికి ప్రాణం పోయింది.

"ఒక్క దెబ్బ అంటివే?" అన్నాడు దొర, చిన్నబోయి.

"అది వేట దొరా. ఇది దుప్పి."

దొరకు అర్థం కాలేదు. గంగాధరం అక్కడ లేడు, ఉన్నా చెప్పేవాడు కాదు. దుప్పి కారెక్కింది. పంటను కాపాడేందుకు చేనులో చంపినది కాబట్టి అది నేరం కాదని దొర దారిలోనే తీర్మానం చేసుకున్నాడు. పెంటి సంగతి మాట్లాడలేదు.

కార్తీకంలో తుపాకీ తిరిగి వచ్చింది. అప్పటికి చేనులో పీకడానికి వేరుశనగ లేదు, ఎండిన తీగలు తప్ప. దుప్పిని చంపనప్పుడు లాక్కున్న తుపాకీని, చంపినాక తెచ్చి ఇచ్చింది సర్కారు. తిరుమలయ్యే మోసుకొచ్చి, తన పుణ్యమే అన్నట్టు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి పోయినాడు.

మునిరత్నమ్మ ఆ తుపాకీ వంక చూసింది.

"ఇంక దేనికయ్యా ఇది? సేను ఊడ్చుకుపోయింది గదా."

"ఉలవలు సల్లుదాం" అన్నాడు ఎల్లప్ప, గొట్టంలో తుప్పు గీకుతూ.

"ఉలవలంటే దుప్పులకు ఇంకా ఇష్టం."

"తెలుసు" అన్నాడు ఎల్లప్ప. "ఈ తూరి గుండు గూడా ఏస్తా."