వదులైన జాకెట్టు

దర్జీ భార్యకు కీళ్లవాతం వచ్చి, కాజాలు కుట్టే వేళ్లు వాచిపోయాయి. ఒళ్లు తగ్గితే వాపు నెమ్మదిస్తుందని, మందు కూడా బాగా పనిచేస్తుందని డాక్టరమ్మ చెప్పింది. మళ్లీ సూది పట్టాలన్న ఆశతో ఆమె నోరు కట్టుకుంది. తూకం యంత్రాల్ని ఆమె నమ్మదు; మొగుడు కుట్టిన జాకెట్టునే నమ్మింది.

నెల తిరిగేసరికి జాకెట్టు వదులైంది. ఆ విజయాన్ని పురస్కరించుకుని ఆమె రెండో వడ్డనను పునరుద్ధరించింది. జాకెట్టు ఇంకా వదులైంది. వేళ్లు మాత్రం ఇంకా వాచాయి.

"బరువు పెరిగావమ్మా," అంది డాక్టరమ్మ, తూకం ముల్లు చూపించి.

ఇంటికొచ్చి జాకెట్టు తిరగేస్తే, పక్క కుట్లు విప్పి, లోపలి మడత గుడ్డ వదిలిన జాడ కనిపించింది.

"నువ్వు దిగులుపడుతుంటే చూడలేక..." నసిగాడు దర్జీ.

"ఊరందరికీ అంగుళం తేడా రానివ్వవు. కట్టుకున్నదానికేనా దొంగ కొలత? నేనేమో ఇన్నాళ్లూ మందుని తిట్టుకున్నాను."



మర్నాడు ఆమె, మొగుడు చూస్తుండగానే, ఎదురు కొట్టు దర్జీకి కొలతలిచ్చింది.

"కాస్త వదులు పెట్టమంటావా అక్కా?"

"వద్దు నాయనా. ఉన్నదున్నట్టు కుట్టు."