అద్దానికి అంటించిన కాగితం

సిటీ బస్సు నడిపే ఆవిడకు డిపోలో మెత్తనమ్మ అని పేరు. బస్సుకు అడ్డంగా దూరిపోయే కుర్రకారును కూడా పల్లెత్తు మాట అనేది కాదు. హారన్ కొట్టాలన్నా మొహమాటమే. ఇంట్లోనూ గొంతు పెంచి ఎరగదు. అలాంటి మనిషి ఒక సాయంత్రం జిమ్నాస్టిక్స్ స్కూల్లో చెప్పుల కాళ్లతో మ్యాట్ మీదికి ఎక్కేసింది.

ఆవిడ కూతురికి ఎనిమిదేళ్లు. సోఫా మీంచి మంచం మీదికి, మంచం మీంచి నేల మీదికి ఎప్పుడూ పిల్లిమొగ్గలే. "ఎప్పుడో మెడ విరగ్గొట్టుకుంటుంది, ఎక్కడైనా సరిగ్గా నేర్పించవే" అని అత్తగారే పోరుపెట్టి చేర్పించింది. మొదట్లో అంతా బాగానే సాగింది. తల్లిదండ్రులు కూర్చునే గదికీ హాలుకీ మధ్య గోడంతా అద్దమే. పిల్లలు సన్నటి దూలం మీద చేతులు చాచి నడుస్తుంటే ఇవతల అందరూ ఊపిరి బిగబట్టి చూసేవారు.

కొత్త కోచ్ వచ్చాక ఆ అద్దానికి లోపలి నుంచి గోధుమరంగు కాగితం అంటించారు. "మీరు చూస్తుంటే పిల్లలు గారాలు పోతున్నారు" అన్నాడాయన. అందరూ తలలూపి ఫోన్లు తీసుకున్నారు.

ఒకనాడు స్నానం చేయిస్తుంటే పిల్ల తొడలు ముట్టుకోనివ్వలేదు.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా. ఏడిస్తే మళ్లీ మొదట్నుంచి చేయిస్తారు. నేను మాత్రం ఏడవలేదు."

ఆ చివరి మాట పిల్ల ఎంతో గొప్పగా చెప్పింది.

ఆ మర్నాడు క్లాసు మధ్యలో ఆవిడ హాలు తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. పిల్ల కాళ్లు రెండూ చెరో దిమ్మ మీదికి చాచి ఉన్నాయి. కోచ్ వెనక నిలబడి, తన బరువంతా ఆ చిన్న భుజాల మీద వేసి కిందికి అదుముతున్నాడు. పిల్ల జడ కొసను పళ్ల మధ్య కరిచిపట్టుకుంది. మిగతా పిల్లలు గోడ వారన వరసగా కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు.

"చేతులు తియ్యి" అంది ఆవిడ. బస్సెక్కిన ప్రతివాళ్లనీ అండీ అని పిలిచే మనిషి.

"చెప్పులు బయట విడిచి రావాలండీ."

"ముందు చేతులు తియ్యి. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పులు నా కాళ్లకు ఉండవు."

కోచ్ చేతులు తీశాడు. "ఒళ్లు వంగాలంటే నొప్పి తప్పదమ్మా. ఊరికే ఛాంపియన్లు అయిపోతారా?"

"అంత మంచిపనైతే చాటుగా ఎందుకు? అందరూ చూస్తుండగా చెయ్యి."

అద్దం దగ్గరికి వెళ్లి కాగితాన్ని గోటితో పట్టి సర్రున లాగేసింది. అవతల తలలన్నీ లేచాయి. ఒక పిల్లాడి తండ్రి విసుగ్గా లోపలికొచ్చాడు.

"పోటీలు దగ్గర పడ్డాయి. మీ అమ్మాయికి ఓర్పు లేకపోతే మాన్పించుకోండి. మావాళ్లని చెడగొట్టకండి."

"మీవాడు అదిగో, ఆ గోడ దగ్గరున్నాడు. వాడి మొహం చూసి అనండి ఆ మాట."

ఆయన చూడలేదు. ఆ చూడకపోవడమే ఆవిడ ఒళ్లు మండించింది.

తర్వాత స్కూలు యజమానురాలు ఫోన్ చేసి, చెప్పే పద్ధతి అది కాదంది. భర్త కూడా, "కాస్త మెల్లిగా చెప్పాల్సింది" అన్నాడు. పిల్ల తొడ కండరం చిట్లిందని డాక్టరు చెప్పాక కూడా అందరి బాధా ఆవిడ గొంతు గురించే. అత్తగారు ఒక్కతే, "అంతసేపూ చెప్పులు కాళ్లకే ఉంచుకున్నావా? నీకు మరీ ఓపికెక్కువ" అంది.

పిల్ల మాత్రం, అందరి ముందూ పరువు తీశావని కొన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగింది. ఒక మధ్యాహ్నం తల్లి ఒళ్లో తల పెట్టుకుని, "వాళ్లనింకా అలాగే నొక్కుతున్నారా?" అని అడిగింది.

ఆ ప్రశ్నతో ఆవిడ ఊరుకోలేకపోయింది. మరో ఇద్దరు తల్లులను కూడగట్టుకుని క్రీడాశాఖ ఆఫీసు చుట్టూ తిరిగింది. చివరికి కోచ్‌ని పంపించేశారు. శిక్ష లేదు, క్షమాపణ లేదు. నెల తిరక్కుండానే ఊరి అవతలి కొసన ఇంకో స్కూల్లో చేరాడు.

ఆ రూటు అంటే డ్రైవర్లందరికీ చిరాకు, గుంతలెక్కువ. ఆవిడ అడిగి మరీ వేయించుకుంది. ఆ స్కూలు దగ్గరి స్టాపులో చిన్నపిల్లతో, భుజాన ఆటల సంచితో ఎవరైనా దిగబోతే, బస్సు ఆపి పెట్టి, "ఏమ్మా, క్లాసు జరుగుతుంటే మిమ్మల్ని చూడనిస్తున్నారా?" అని అడుగుతుంది. వెనక ఎంతమంది హారన్లు కొట్టినా, జవాబు వినిగానీ కదలదు.